చిటికి నేర్చిన కౌజు పిట్ట

ఒకప్పుడు కౌజు పిట్ట తెల్లగా ఉండేది. అప్పుడే పగిలిన పత్తికాయలో దూది ఎంత తెల్లగా ఉంటుందో అంత తెల్లగా ఉండేది.

కౌజు పావురం కన్నా కొంచెం పెద్దది, కోడిపెట్ట కన్నా బాగా చిన్నది. చెట్టు మీద గూడు కట్టదు. గడ్డిలో చిన్న గుంట చూసుకుని గుడ్లు పెడుతుంది. గడ్డిలోనే తిరుగుతూ గింజలూ చెదపురుగులూ ఏరుకు తింటుంది. నేల మీద బతికే పిట్టకు తెల్లటి ఈకలుంటే ఏమవుతుంది? ఎండుగడ్డిలో అది ఎక్కడ కూర్చున్నా పైనున్న డేగకు కనిపిస్తుంది.

ఒక రాళ్ల గుట్ట మీద ఒక తల్లి కౌజు ఉండేది. ఆ ఏడు తొమ్మిది గుడ్లు పెట్టింది. తొమ్మిదీ పిల్లలయ్యాయి. పదిహేను రోజులు తిరిగేసరికి నాలుగే మిగిలాయి.

డేగ రోజూ పొద్దున్నే వచ్చేది. దానికి వెతికే పనే లేదు. గుట్ట మీద ఒక చుట్టు తిరిగి, తెల్లగా ఉన్న చోట దిగేది.

తల్లి కౌజు గడ్డిని అడిగింది. "గడ్డీ, మమ్మల్ని కొంచెం దాచవా?"

"దాస్తూనే ఉన్నాను తల్లీ," అంది గడ్డి. "కానీ నేను పోచలు పోచలుగా ఉంటాను. ఆ సందుల్లోంచి మీ తెలుపు బయటపడుతుంది. నేనేం చెయ్యను?"

పక్కనే ఉన్న ఎర్రమట్టి ఆ మాటలు విన్నది. "నా మీద పొర్లండి. తెలుపు పోతుంది," అంది.

తల్లీ పిల్లలూ మట్టిలో పొర్లాయి. తల నుంచి కాళ్ల దాకా ఎర్రగా అయ్యాయి. తల్లికి కొంచెం ధైర్యం వచ్చింది.

మర్నాడు డేగ వచ్చింది. లేత పసుపు గడ్డిలో నాలుగు చిన్న ఎర్ర ముద్దలు, ఒక పెద్ద ఎర్ర ముద్ద కనిపించాయి.

"నిన్న తెల్లగా ఉన్నారు, ఇవాళ ఎర్రగా ఉన్నారు. నాకు రెండూ ఒకటే," అంటూ దిగి, ఒక పిల్లను ఎత్తుకుపోయింది.

ఇంక మూడే మిగిలాయి. ఆ సాయంత్రం వాన పడి మట్టంతా కడుక్కుపోయింది. తల్లీ పిల్లలూ మళ్లీ తెల్లగా అయ్యాయి. తల్లి ఆ మూడింటినీ రెక్కల కింద పెట్టుకుని, ఏమీ తినకుండా కూర్చుంది.

రెండు రోజుల తర్వాత పెద్ద గాలి లేచింది. గుట్ట కింద నేతపని చేసే సాలోళ్ల వాడ ఉండేది. అక్కడ ఒక ఇంటి ముందు ఆరేసిన బట్టను గాలి ఎత్తుకుని, గుట్ట మీదికి తెచ్చి, సరిగ్గా కౌజుల మీద పడేసింది.

"అమ్మా, చీకటైంది," అన్నాయి పిల్లలు.

"కదలకండి," అంది తల్లి. అప్పటికే దానికి డేగ అరుపు వినిపించింది.

డేగ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడోసారి బాగా కిందికి వచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. దానికి గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. వెళ్లిపోయింది.

తల్లి కౌజు మెల్లగా బయటికి వచ్చి ఆ బట్టను చూసింది. గోధుమ రంగు, నలుపు, మధ్య మధ్య తెలుపు. సన్నటి చారలు, చిన్న చిన్న గళ్లు. ఏ గడికీ గీసినట్టుండే అంచు లేదు. ఒక రంగు ఇంకో రంగులోకి వెంట్రుకంత పాకి ఆగిపోయింది. పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే, బట్ట ఎక్కడ ఆగిందో గడ్డి ఎక్కడ మొదలైందో దానికే తెలియలేదు.

అంతలో ఒక ముసలావిడ గుట్ట ఎక్కుతూ వచ్చింది. ఆమె పేరు అండాలమ్మ. ఆ బట్ట ఆమెదే. వెతుక్కుంటూ వచ్చి, దాని పక్కనుంచే రెండు సార్లు నడిచి వెళ్లింది.

"అవ్వా, నీ కాలి దగ్గరే ఉంది," అంది కౌజు.

అండాలమ్మ కిందికి చూసి నవ్వింది. "నేను చేసిన బట్ట నాకే కనిపించకపాయె," అంటూ వంగి తీసుకుంది.

"అవ్వా, అది నాకు ఇస్తావా?" అని కౌజు తన కష్టమంతా చెప్పింది. తొమ్మిది పిల్లల గురించి చెప్పింది. మట్టి గురించి చెప్పింది.

అండాలమ్మ ఒక రాయి మీద కూర్చుని చివరిదాకా విన్నది.

"ఇస్త బిడ్డా. ఇయ్యకేం. కానీ ఒక్క బట్ట ఎందరి మీద కప్పుతవ్? మేతకు పోతే జారిపోతది. నీ ముగ్గురు పిల్లలు మూడు దిక్కులు ఉరుకుతరు. ఏడాది తిరగకముందే చినుగుతది. అప్పుడేం చేస్తవ్?"

కౌజు తన పిల్లల వైపు చూసింది.

"ఈ రంగు బట్ట మీద వేసింది కాదు," అంది అండాలమ్మ. "నేయకముందే దారానికి పెట్టింది. నీ ఒంటి మీద ఈకలు కూడా దారాల లెక్కనే ఉన్నయి. పని నేర్చుకో. నీ పిల్లలకు నువ్వే పెట్టుకుంటవ్."

"నాకు చేతులు లేవు కదా అవ్వా."

"ముక్కు ఉంది. కాళ్లున్నయి. పిల్లలున్నరు. చాలు. రా."

కౌజు తన పిల్లలను వెంటబెట్టుకుని సాలోళ్ల వాడకు వెళ్లింది.

అండాలమ్మ పెనిమిటి బుచ్చిరాములు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. గడపలో పిట్టలను చూసి చెయ్యి ఆపాడు.

"ఏందివి?"

"చిటికి నేర్చుకోవడానికి వచ్చినయి," అంది అండాలమ్మ.

"మన కులంల పుట్టిన పిల్లలకే చిటికి కట్టుడు రాక ఏడుస్తరు. పిట్టకు చిటికా?" అని ఆయన మళ్లీ పనిలో పడ్డాడు.

అండాలమ్మ తెల్లటి దారాలను చట్రానికి బిగించి కౌజుకు చూపించింది. అక్కడక్కడ బొగ్గుతో గుర్తులు పెట్టింది. ఆ గుర్తుల దగ్గర నారతో దారాన్ని గట్టిగా చుట్టి ముడివేసింది. తర్వాత ఆ దారాలన్నిటినీ రంగు కుండలో ముంచింది. ఆరాక నార విప్పింది. చుట్టిన చోట దారం తెల్లగానే ఉంది. మిగతాదంతా గోధుమ రంగు.

"కట్టినకాడ రంగు ఎక్కదు, కట్టనికాడ ఎక్కుతది. చిటికి పనంతా గింతే," అంది. "ఇది తెలిసేందుకు ఒక్క పూట చాలు. చేతికి వచ్చేందుకే నాకు ఏడేండ్లు పట్టింది. మా అత్త నేర్పింది. ఆమెకు వాళ్ల అత్త నేర్పింది."

కౌజు ఒక దారాన్ని దగ్గరగా చూసింది. గోధుమ రంగు, కొంచెం తెలుపు, మళ్లీ గోధుమ రంగు. అందులో బొమ్మేమీ లేదు. పక్క దారం చూసింది. దాంట్లోనూ లేదు.

అండాలమ్మ ఆ దారాలను బుచ్చిరాములుకు ఇచ్చింది. ఆయన వాటిని మగ్గం మీద పక్కపక్కన బిగించాడు. ఒక్కో దారాన్ని గోటితో ఇంత జరిపి సరిచేశాడు. కౌజు దగ్గరికి వెళ్లి చూసింది. ఏ దారంలోనూ లేని పువ్వు, అన్ని దారాలూ పక్కపక్కన చేరగానే కనిపించింది. ఎనిమిది రేకుల పువ్వు.

"అవ్వా, నువ్వు కట్టేటప్పుడే ఈ పువ్వు నీకు కనిపించిందా?"

"కనిపించకపోతే ఎట్ల కడత?" అంది అండాలమ్మ.

కౌజు చాలాసేపు ఆమె చేతుల వంకే చూసింది. ముడతలు పడిన చేతులు. బొటనవేలి పక్కన నార ఒరుసుకుని చర్మం గట్టిపడి గీతలా అయిపోయింది.

ఆ రోజే పని మొదలైంది. అండాలమ్మ పాత దారాలిచ్చి కట్టమంది. కౌజు ఒక కాలితో దారం తొక్కిపట్టి, ముక్కుతో నార చుట్టి, ముడి లాగేది. రంగులో ముంచి తీసి విప్పితే, తెల్లగా ఉండాల్సిన చోట రంగు కారిపోయి ఉండేది.

"కట్టు వదులైంది. మళ్లీ కట్టు," అనేది అండాలమ్మ. తిట్టేది కాదు. మెచ్చుకునేదీ కాదు.

కౌజు మళ్లీ కట్టేది. మళ్లీ వదులయ్యేది. నార లాగి లాగి దాని ముక్కు మూలన చీరుకుపోయింది. అండాలమ్మ అక్కడ ఆముదం రాసి, ఇంకో దారం ముందు పెట్టేది.

పిల్లలు మూడూ మగ్గం కింద ఆడుకునేవి. గోడ మొదట్లో పట్టిన చెదలు తినేవి. తల్లి ముడి వేస్తుంటే మెడలు చాచి చూసేవి.

ఒకరోజు బుచ్చిరాములు అన్నాడు. "ఇక్కడ డేగ రాదు. మేత దొరుకుతది. ఇంక ఈ తిప్పలెందుకు? ఇక్కడే ఉండిపోరాదు?"

"గుట్ట మీద ఇంకా ఆరు కౌజు జంటలున్నాయి పెద్దయ్యా," అంది కౌజు. "పొద్దున్నే వాటి అరుపులు వినిపిస్తున్నాయి. నిన్న ఒకటి తగ్గింది."



ఇరవై ఒకటో రోజున అండాలమ్మ కౌజు కట్టిన దారం విప్పి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పట్టుకుని చూసింది. కట్టు కింద దారం పాలలా తెల్లగా ఉంది. ఆమె దాన్ని పెనిమిటి చేతిలో పెట్టింది. ఆయన వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు. తర్వాత కొంచెం పక్కకు జరిగాడు.

"ఇటొచ్చి కూర్చో. ఇక్కడైతే వెలుతురు మంచిగ పడతది," అన్నాడు.

కౌజు వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆ మాటతో దాని ముక్కు నొప్పి సగం తగ్గిపోయింది.

ఇంక ఈకల పని మొదలైంది. ముందు పిల్లలకు కట్టాలని తల్లి పట్టుబట్టింది. ఒక్కొక్క ఈకకు మూడేసి నాలుగేసి కట్లు. పిల్లలకు చక్కిలిగింతలు. "కదిలితే మళ్లీ మొదటినుంచి కట్టాలి," అని తల్లి అంటే కాసేపు బొమ్మల్లా నిలబడేవి.

చండ్ర చెట్టు చెక్క ఉడికించిన గోధుమ రంగు నీళ్లలో పిల్లలను ముంచారు. ఆరబెట్టారు. కొన్ని కట్లు విప్పారు, కొన్ని కొత్తగా కట్టారు. ఇప్పుడు నల్ల రంగు కావాలి.

నల్ల రంగు ఒక్క పూటలో తయారయ్యేది కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి మూతపెట్టి ఇరవై రోజులు పులియబెట్టాలి. ఇంట్లో ఒక్క కుండే ఉంది. బుచ్చిరాములు తన బిడ్డకు చీర నేద్దామని పెట్టుకున్నది.

ఆయనే లేచి ఆ కుండను తెచ్చి కౌజు ముందు పెట్టాడు.

"చీర వచ్చే నెలల నేస్త," అన్నాడు. "నా బిడ్డను ఎత్తుకపోయే డేగ లేదు కదా."

పిల్లలకు నలుపు కూడా ఎక్కింది. తల్లి ఆఖరి కట్లు విప్పింది. ఒక ఈకను చూడగానే దాని మొహం వాడిపోయింది.

"అవ్వా, పాడైంది. చూడు, రంగు కట్టు కిందికి కొంచెం పాకింది. అంచు చెదిరింది."

అండాలమ్మ కళ్లు చికిలించి చూసింది. "పాడు గాలేదు. వెంట్రుకంత పాకింది. గది పాకాలె. గడ్డి పోచకు గీత గీసినట్టు అంచుంటదా? నీడకు ఉంటదా? ఎంత బిగించినా ఆ ఇంత రంగు తన దారి తను చూసుకుంటది. అట్ల పాకింది చూసే ఇది చేత్తో కట్టిందని తెలుస్తది."

తడి ఆరడానికి పిల్లలను ఇంటి వెనక గడ్డిలో కూర్చోబెట్టారు. తల్లి ఇంకా తెల్లగానే ఉంది. తన వంతు రేపు మొదలుపెట్టాలనుకుంది. పిల్లల పక్కనే నిలబడి కాపలా కాస్తోంది.

అన్ని రోజులుగా గుట్ట మీద వెతుకుతున్న డేగ ఆ పూట వాడ వైపు వచ్చింది. గడ్డిలో మెరుస్తున్న తెలుపు దానికి దూరంనుంచే కనిపించింది.

తల్లి పైకి చూసింది. పిల్లలు గడ్డిలో గడ్డిలా ఉన్నాయి. వాటిని డేగ చూడలేదు. కానీ తన కోసం దిగితే సరిగ్గా వాటి మధ్యలోనే దిగుతుంది.

"నేను ఎటు పోయినా మీరు కదలకండి," అని చెప్పి తల్లి బయటికి నడిచింది.

ఒక రెక్కను విరిగినట్టు నేలకు ఈడ్చింది. కుంటుతూ కుంటుతూ గుట్ట వైపు పోయింది. కుంటి పిట్టను పట్టడం సులువు కదా, డేగ దాని వెంటే మళ్లింది. పిల్లలకు దూరంగా వచ్చేశాక తల్లి రెక్క సరిచేసుకుని పరుగు తీసింది. వెనక గాలి చీలిన చప్పుడైంది. ఎదురుగా రేగు పొద. ముళ్లన్నీ లెక్కచేయకుండా అందులోకి దూరింది.

డేగ గోళ్లకు తోక ఈకలు మాత్రమే దొరికాయి. పొదలోకి రావడానికి దానికి దారి లేదు. కాసేపు పైన తిరిగి విసుగొచ్చి వెళ్లిపోయింది.

అండాలమ్మ పరుగున వచ్చి పొద కొమ్మలు పక్కకు తీసింది. కౌజు ఒంటి నిండా ముళ్లు గీరుకున్నాయి. పొడవాటి తోక పోయి పొట్టి మోడు మిగిలింది.

"పిల్లలు?" అని అడిగింది కౌజు.

"ఉన్నరు. నేను కూడా వెతుక్కోవాల్సి వచ్చింది," అంది అండాలమ్మ. 

తల్లి లేచి కూర్చోవడానికి నాలుగు రోజులు పట్టింది. తన వీపు మీద తను కట్టుకోవడం ఏ పిట్టకూ కుదరదు. అండాలమ్మ నార అందుకోబోయింది. అంతకంటే ముందే పెద్ద పిల్ల నార పోగు ముక్కున పెట్టుకుని వచ్చింది. అమ్మ ఈకను కాలితో తొక్కిపట్టి, చుట్టి, ముడి లాగింది. అండాలమ్మ ఆ ముడిని గోటితో కదిపి చూసింది. కదల్లేదు.

"ఎప్పుడు నేర్చుకున్నరే?" అంది.

"మగ్గం కింద కూర్చుని చూశాం," అన్నాయి పిల్లలు.

మూడు పిల్లలూ మూడు రోజులు కట్టాయి. తల్లి కూర్చుని వాటికి లెక్క చెబుతూ ఉంది. "ఇక్కడినుంచి రెండు వదులు. మూడోది కట్టు. ఇంకా బిగించు. మళ్లీ రెండు వదులు." వీపు, రెక్కలు, పొట్ట, అన్నీ అయ్యాయి. ఒక్క గొంతు దగ్గర మాత్రం ముడి నిలవలేదు. తల్లి లెక్క చెబుతుంటే గొంతు ఆడుతూనే ఉంది, నార జారిపోతూనే ఉంది. లెక్క ఆపితే పిల్లలు తప్పుతాయి. చివరికి గొంతును కట్టకుండానే వదిలేశారు. గోధుమ రంగులో తల్లి ఒంటినంతా ముంచారు, నల్ల రంగులో మాత్రం గొంతు తడవకుండా ముంచారు. అక్కడ చారలు రాలేదు. ఉత్త లేత గోధుమ రంగే ఎక్కింది.

ఆరిన తర్వాత తల్లి కౌజు రెక్కలు విప్పి చూసుకుంది. చారలు ఒక్కోటి ఒక్కో చోట, చెల్లాచెదురుగా ఉన్నాయి. దిగులుపడి రెక్కలు ముడుచుకుంది. ఈకలు ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

బుచ్చిరాములు నేత ఆపి చూశాడు. 

"ఇన్నేండ్ల నుంచి నేస్తున్న. ఇంత సన్నటి పని నా మగ్గం మీద దిగలేదు," అన్నాడు.

"రెక్క ముడిస్తేనే బొమ్మ కలుస్తది," అంది అండాలమ్మ. "విప్పితే చెదురుతది. గుర్తుపెట్టుకో."

మర్నాడు పొద్దున్నే నాలుగు కౌజులూ గుట్ట ఎక్కాయి. పొద్దు కాస్త పైకొచ్చేసరికి డేగ నీడ గడ్డి మీద పాకింది. చిన్న పిల్లకు భయమేసి ఒక రెక్క కొంచెం విప్పింది. చార విరిగింది. పైనుంచి డేగ తల తిప్పింది.

"ముడుచుకో," అంది తల్లి, ముక్కు కదిపీ కదపనట్టు, చాలా మెల్లగా. "దారం జరగొద్దు."

పిల్ల రెక్క ముడుచుకుని కళ్లు మూసుకుంది. డేగ కిందికి వచ్చింది. ఇంకా కిందికి వచ్చింది. దాని రెక్కల గాలికి గడ్డి పోచలు ఊగాయి. పిల్ల గుండె చప్పుడు తల్లికి వినిపిస్తోంది. నాలుగు కౌజుల్లో ఒక్కటీ కదల్లేదు.

"ఏదో కదిలినట్టుంది. గాలేమో," అని డేగ తనలో తను అనుకుంది. "ఈ గుట్ట మీద కౌజులు అయిపోయినట్టున్నాయి." పక్క గుట్ట మీది ఎలుకలను వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

డేగకు భయపడి రాళ్ల సందుల్లో దూరి ఉన్న మిగిలిన జంటలన్నిటినీ తల్లి కౌజు పిలిచి కూర్చోబెట్టింది. ముందు పాత నార ఇచ్చి ముడి వేయడం నేర్పింది. వదులైతే "మళ్లీ కట్టు" అంది. ఒక్కదాన్ని కూడా తిట్టలేదు. బుచ్చిరాములు ఇంకో రెండు కుండల్లో ఇనుమూ బెల్లమూ నానబెట్టాడు. వర్షాకాలం అయ్యేలోపు గుట్ట మీద తెల్ల కౌజు ఒక్కటీ లేదు.

మరుసటి ఏడు తల్లి కౌజు మళ్లీ గుడ్లు పెట్టింది. పిల్లలకు కట్టడానికి నార సిద్ధం చేసుకుని కూర్చుంది. గుడ్లు పగిలాయి. తడి ఆరని పిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒక్కొక్కదాని వీపు మీదా చారలున్నాయి. గొంతు తల్లి గొంతులాగే ఉత్తగా ఉంది, తోక పొట్టిగా ఉంది.

తల్లి వాటిని నడిపించుకుని అండాలమ్మ దగ్గరికి వెళ్లింది. "అవ్వా, వీటికి నేను కట్టలేదు," అంది.

అండాలమ్మ ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని, మెత్తటి నూగును వేలితో వెనక్కి తీసి చూసింది. లోపల మొదలు దాకా చార ఉంది.

"మంచి రంగు పైపైన ఆగదు బిడ్డా," అంది. "లోపలిదాకా పోతది."

అప్పటినుంచే కౌజు పిట్ట ఒంటి మీద గోధుమ, నలుపు, తెలుపు చారలున్నాయి. గొంతు మీద మాత్రం చారల్లేవు. తోక పొట్టిగానే ఉంది. పిల్లల దగ్గరికి ఎవరైనా వస్తే తల్లి కౌజు ఇప్పటికీ రెక్క విరిగినట్టు కుంటుతూ దూరంగా తీసుకుపోతుంది. ఎగరగలిగినా తొందరగా ఎగరదు. రెక్క విప్పకుండా, ఈకలన్నీ దగ్గరికి చేర్చుకుని గడ్డిలో కూర్చుంటుంది. మీరు గుట్ట మీద నడుస్తుంటే, అడుగు దాని మీద పడబోయే దాకా కదలదు. ఆఖరి క్షణంలో బుర్రుమని లేస్తుంది. అప్పటిదాకా అక్కడ గడ్డి తప్ప ఇంకేమీ లేదనే మీరు అనుకుంటారు.